ట్రాక్షన్ అవాన్ vs డీఎస్ కాదు, ట్రాక్షన్ తర్వాత డీఎస్: సిట్రోయెన్ రెండు జూదాల కథ

పాత ఫ్రెంచ్ కార్ల గురించి ఎక్కడ మాట వచ్చినా ముందు కనిపించేది సిట్రోయెన్ డీఎస్ ఫోటోనే. ఆ సాగదీసిన ముక్కు, సగం దాక్కున్న వెనక చక్రాలు, నేలకి ఆనుకుని కూర్చున్నట్టుండే వాలకం చూస్తే అది 1955 నాటి కారంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. దాని పక్కన అదే కంపెనీ 1934లో తెచ్చిన ట్రాక్షన్ అవాన్ పెడితే పాపం తాతగారి కారులాగే ఉంటుంది, నిలువు గ్రిల్, బయటికి పొడుచుకొచ్చిన హెడ్‌లైట్లు, ఉబ్బెత్తు మడ్‌గార్డులు, ఎక్కువగా నలుపు రంగు. అందుకే పోలిక అనగానే ఓట్లన్నీ డీఎస్‌కే పడిపోతాయి. కానీ రేకు కింద ఏముందో చూడటం మొదలుపెడితే లెక్క తిరగబడుతుంది. ఇవాళ మన వీధిలో పార్క్ చేసున్న మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి దగ్గరి చుట్టం ట్రాక్షన్, డీఎస్ కాదు. డీఎస్‌కి చుట్టాలు దాదాపు అందరూ సిట్రోయెన్ ఇంట్లోవాళ్ళే, ఇప్పుడు వాళ్ళు కూడా లేరు.

1934లో మామూలు కారంటే ఏంటో ముందు గుర్తు చేసుకోవాలి. కింద నిచ్చెన లాంటి బరువైన ఛాసిస్, దాని మీద విడిగా చేసి బోల్టులతో బిగించిన బాడీ, చాలాసార్లు ఆ బాడీ లోపల చెక్క ఫ్రేము, ముందు ఇంజిన్, అక్కడి నుంచి పొడుగాటి షాఫ్ట్ వెనక చక్రాలకి, కింద కమాను పట్టీలు. షాఫ్ట్‌కీ ఛాసిస్‌కీ చోటివ్వాలి కాబట్టి సీట్లు ఎత్తులో ఉండేవి, ఎక్కడానికి పక్కన మెట్టు కావాల్సిందే. ఒక రకంగా అది గుర్రాల్ని తీసేసి ఇంజిన్ పెట్టిన బగ్గీయే, అక్కడి నుంచి పెద్దగా కదల్లేదు.

ట్రాక్షన్ ఆ మొత్తాన్ని పక్కన పడేసింది. ఎడ్లు బండిని ముందుండి లాగుతాయి, వెనక నుంచి తొయ్యవు కదా, అదే ఐడియా: ఇంజిన్ బలం ముందు చక్రాలకే. పేరులో ఉన్నది కూడా అదే, ముందు నుంచి లాగడం. వెనక్కి వెళ్ళే షాఫ్ట్ లేదు కాబట్టి ఫ్లోర్ చదునుగా కిందకి దిగిపోయింది, కారు ఎత్తు మీటరున్నర దగ్గరికి వచ్చేసింది, మెట్టుతో పనే లేకుండా పోయింది. ఇక ఛాసిస్ అసలు లేనే లేదు. అగ్గిపెట్టెలో లోపలి అర ఒక్కటే పట్టుకుని మెలితిప్పితే ఇట్టే వంకరపోతుంది, పై తొడుగులోకి తోసి తిప్పితే గట్టిగా నిలబడుతుంది, మోనోకాక్ అంటే అదే సూత్రం, బాడీయే ఎముకలు కూడా. స్టీల్ బాడీల్ని ప్రెస్సుల్లో కొట్టి వెల్డింగ్ చేసే పద్ధతి అమెరికాలో ఫిలడెల్ఫియా బడ్ కంపెనీ నుంచి తెచ్చుకున్నారు. కమాను పట్టీల బదులు టార్షన్ బార్లు, అంటే చక్రం పైకి లేచినప్పుడు ఒక పొడుగాటి ఉక్కు కడ్డీ తడిగుడ్డ పిండినట్టు మెలిపడి మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. ముందు చక్రాలు దేనికదే విడిగా కదులుతాయి. బ్రేకులు హైడ్రాలిక్. ఇంజిన్‌లో సిలిండర్ లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు, ఊడదీసి మార్చుకునే రకం, ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వీటిలో ఏదీ ప్రపంచంలో మొట్టమొదటిసారి కాదు, ఇది ఒప్పుకోవాలి. అమెరికాలో కార్డ్ అనే కంపెనీ 1929లోనే, జర్మనీలో డీకేడబ్ల్యూ 1931లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు అమ్మారు, ఇటలీలో లాన్సియా లాంబ్డా 1920లలోనే ఛాసిస్‌ని వదిలేసింది. కానీ అన్నింటినీ ఒకే కారులో కూర్చి, దాన్ని ఒక మధ్యతరగతి డాక్టరో వ్యాపారస్తుడో కొనుక్కునే ఫ్యామిలీ కారుగా లక్షల్లో తయారుచెయ్యడం మాత్రం ట్రాక్షన్‌తోనే. విడివిడిగా పప్పు, కూర, పులుసు అందరూ వండారు, విస్తరి మొత్తం వేసింది వీళ్ళు.

వేసిన తొందర చూస్తేనే భయమేస్తుంది. ఇంజినీర్ ఆంద్రే లెఫెవ్ర్ కంపెనీలో చేరింది 1933 మార్చిలో, కారు జనం ముందుకి వచ్చింది 1934 వసంతంలో. అంటే దాదాపు ఏడాది. లెఫెవ్ర్ చదివింది విమానాల ఇంజినీరింగ్, అంతకుముందు విమానాలూ కార్లూ చేసిన వోయిజన్ దగ్గర పనిచేశాడు, బరువు తగ్గించడం అనే పిచ్చి అక్కడి నుంచే. బాడీ గీసింది, కాదు కాదు చెక్కింది, ఫ్లమీనియో బెర్తోని అనే ఇటాలియన్ శిల్పి, కాగితం మీద గీయడం మానేసి మెత్తటి ప్లాస్టిసీన్ ముద్దతో కారు నమూనా చేసి చూపించాడు. ఓనర్ ఆంద్రే సిట్రోయెన్ ఏమో ఈఫిల్ టవర్ మీద తన పేరు లైట్లతో రాయించుకున్న మనిషి, చిన్నగా ఆలోచించడం ఆయనకి రాదు. అదే సమయంలో పారిస్‌లో సేన్ నది ఒడ్డున జావెల్‌లో ఉన్న ఫ్యాక్టరీని కూడా 1933లో కొట్టించి మళ్ళీ కట్టించాడు. కొత్త ఫ్యాక్టరీ, కొత్త కారు, ప్రపంచం అంతా ఆర్థిక మాంద్యం, చేసేదంతా అప్పు మీద.

కారు సగం ఉడికే బయటికి వచ్చింది. మొదట పెట్టాలనుకున్నది సెన్సో ద లావో అనే ఇంజినీర్ డిజైన్ చేసిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అది ఒత్తిడికి తట్టుకోలేదు, రిలీజ్ ముంగిట దాన్ని పీకేసి హడావిడిగా మూడు గేర్ల మామూలు బాక్స్ తయారుచేసి ఇంజిన్‌కి ముందు తగిలించారు. గేర్ రాడ్‌కి ఇంకెక్కడా దారి లేక డ్యాష్‌బోర్డ్ మధ్యలోంచి బయటికి వచ్చింది, చూడ్డానికి వంకర గరిట కాడలా ఉంటుంది, తర్వాత ఇరవై మూడేళ్ళూ అది అక్కడే ఉండిపోయింది. మొదటి మోడల్ 7ఏ ఇంజిన్ 1303 సీసీ, 32 హార్స్‌పవర్, బండికి సరిపోలేదు, కొన్ని వారాల్లోనే 1529 సీసీది పెట్టాల్సి వచ్చింది. డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్లు అరిగిపోవడం లాంటి కంప్లైంట్లు వరసపెట్టి వచ్చాయి. 1934 డిసెంబర్‌కల్లా కంపెనీ దివాలా. అందరికంటే ఎక్కువ బాకీ రావాల్సింది టైర్ల కంపెనీ మిషెలిన్‌కి, వాళ్ళే పగ్గాలు తీసుకున్నారు. 1935 జూలైలో ఆంద్రే సిట్రోయెన్ క్యాన్సర్‌తో చనిపోయాడు. తన కారు గెలవడం ఆయన చూడలేదు.

గెలిచింది మాత్రం గట్టిగా గెలిచింది. మిషెలిన్ వాళ్ళు ఒక్కో లోపం సరిచేసుకుంటూ వచ్చారు, 1936లో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, అంటే పళ్ళ చక్రం ఒక పళ్ళ కడ్డీని పక్కకి జరిపే రకం, వచ్చింది, ఇంజిన్ అయితే 1934లోనే 1911 సీసీ దాకా పెరిగింది, 1938లో ఆరు సిలిండర్ల 15-సిక్స్ వచ్చింది. లియోన్ దగ్గర హోటల్ నడుపుకునే ఫ్రాన్స్వా లెకో అనే ఆయన 1935 జూలై నుంచి ఏడాది పాటు రోజూ ఒక ట్రాక్షన్ నడిపి 4,00,000 కిలోమీటర్లు తిప్పాడు. రోజుకి వెయ్యి కిలోమీటర్లకి పైనే, అదీ ఎక్స్‌ప్రెస్‌వేలు లేని ఫ్రాన్స్ రోడ్ల మీద. కారు సంగతి సరే, ఆ మనిషి నడుము గురించి కూడా ఎవరైనా రాయాల్సింది. మూలమలుపులో ట్రాక్షన్ రోడ్డుని అంటిపెట్టుకుని పోవడం అప్పటి కార్లతో పోలిస్తే వేరే లోకం, యుద్ధకాలంలో నాజీ రహస్య పోలీసులు గెస్టపో వాళ్ళూ ఇదే వాడారు, తలుపుల మీద తెల్ల అక్షరాలు రాసుకుని వాళ్ళని ఎదిరించిన ఫ్రెంచ్ ప్రతిఘటన దళాలూ ఇదే వాడాయి, యుద్ధం అయ్యాక పారిస్‌లో బ్యాంకులు కొట్టిన ముఠాకి ఏకంగా ట్రాక్షన్ అవాన్ ముఠా అనే పేరే పడింది. పోలీసులకీ దొంగలకీ ఒకే కారు నచ్చిందంటే అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది.

సరే, ఇప్పుడు 1955 అక్టోబర్ 6కి వద్దాం. పారిస్ మోటార్ షోలో డీఎస్ మీద గుడ్డ తీసిన మొదటి రోజే 12,000 ఆర్డర్లు. పేరులోనే చిన్న కొంటెతనం, ఫ్రెంచ్‌లో డీఎస్ అని పలికితే దేవత అనే మాటలా వినిపిస్తుంది. చేసింది పాత జట్టే, లెఫెవ్రే, బెర్తోనియే, వాళ్ళకి తోడు పాల్ మజెస్. ఈ మజెస్ ఇంజినీరింగ్ చదువు లేకుండా కుర్రాడిగా కంపెనీలో చేరి పైకి వచ్చినవాడు. మిషెలిన్ తరఫున కంపెనీని నడిపి, ఈ కారు ప్రాజెక్ట్‌ని మొదలుపెట్టించిన పియేర్ జూల్ బులాంజే మాత్రం లేడు, 1950లో కారు యాక్సిడెంట్‌లో పోయాడు, నడుపుతున్నది ట్రాక్షనే.

మజెస్ చేసిన పని కొంచెం నిదానంగా చూడాలి, డీఎస్ ప్రాణం అంతా అక్కడే ఉంది. మామూలు కారులో చక్రం దగ్గర ఉక్కు స్ప్రింగ్ ఉంటుంది. డీఎస్‌లో స్ప్రింగే లేదు, ప్రతి చక్రానికీ కొబ్బరికాయంత ఇనుప గోళం ఒకటి ఉంటుంది, లోపల రబ్బర్ పొర, పొరకి ఒక పక్క నైట్రోజన్, ఇంకో పక్క నూనె. చక్రం పైకి లేస్తే నూనె వెళ్ళి ఆ గ్యాస్‌ని నొక్కుతుంది, గ్యాస్ నొక్కేకొద్దీ గట్టిపడుతుంది, అంటే చిన్న గతుకుకి మెత్తగా, పెద్ద గుంతకి గట్టిగా దానంతట అదే మారుతుంది. వెనక సీట్లో ముగ్గురు ఎక్కి డిక్కీలో సూట్‌కేసులు పెడితే మామూలు కారు వెనక్కి కుంగుతుంది, ఇందులో ఒక వాల్వ్ అది గమనించి ఇంకొంచెం నూనె పంపి మళ్ళీ అదే ఎత్తుకి తెస్తుంది. నూనెకి ఒత్తిడి ఇచ్చేది ఇంజిన్‌తో తిరిగే పంపు, ఆ ఒత్తిడి 150 బార్ల పైమాటే, మన కారు టైర్లో గాలి రెండు బార్ల చిల్లర అని గుర్తుంచుకుంటే దాని తీవ్రత అర్థమవుతుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేస్తే ఒత్తిడి తగ్గి కారు మెల్లగా నేలకి దిగిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముందు వెనక భాగం లేస్తుంది, ఆ తర్వాత ముందు భాగం, అచ్చం పడుకున్న గేదె లేచినట్టు. తొందరపడి లేవకముందే బయల్దేరకూడదు.

అదే నూనె, అదే పంపు, ఇంకా చాలా పనులు చేస్తుంది. స్టీరింగ్ తేలికగా తిరిగేది దానివల్లే, బ్రేక్ పడేది దానివల్లే, క్లచ్ తొక్కి గేర్ మార్చేది కూడా అదే, కారులో క్లచ్ పెడలే ఉండదు. స్టీరింగ్ దగ్గర సన్నటి లీవర్ ఒకటి, దాన్ని ఎడమకి తోస్తే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, అక్కడి నుంచి గేర్లూ దాంతోనే. బ్రేక్ పెడల్ బదులు నేల మీద పుట్టగొడుగు లాంటి రబ్బర్ బొత్తం, అది కిందకి వెళ్ళేది చాలా తక్కువ, ఎంత గట్టిగా నొక్కితే అంత బ్రేక్, అలవాటు లేనివాడు మామూలు పెడల్ అనుకుని తొక్కితే కారులో ఉన్నవాళ్ళంతా ముందుకి నమస్కారం పెట్టాల్సిందే. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో ఇదే మొదటిది. పంక్చర్ అయితే జాకీ తిప్పే పని కూడా లేదు, లోపల లీవర్‌తో కారుని పూర్తిగా పైకి లేపి, పక్కన ఒక స్టాండ్ పెట్టి, మళ్ళీ లీవర్ కిందకి దించితే ఆ పక్క చక్రాలు వాటంతట అవే గాల్లోకి లేస్తాయి. వెనక చక్రమైతే పైనున్న మడ్‌గార్డ్ మొత్తం ఒకే ఒక్క బోల్టుతో ఊడొస్తుంది.

ఇన్ని అద్భుతాలు చేసి బానెట్ తెరిస్తే లోపల ఏముంది? ట్రాక్షన్ ఇంజినే. అదే 1911 సీసీ నాలుగు సిలిండర్లది, పైన కొత్త అల్యూమినియం హెడ్ పెట్టి 75 హార్స్‌పవర్‌కి తెచ్చారు. ముందు అనుకున్నది ఎయిర్ కూలింగ్‌తో ఫ్లాట్ సిక్స్, అంటే ఆరు సిలిండర్లు అడ్డంగా పడుకున్నట్టుండే ఇంజిన్, అది కుదర్లేదు. రాకెట్ లాంటి బాడీలో 1930ల ఇంజిన్, పైగా శబ్దం. డీఎస్ మీద ఇదే పెద్ద ఎగతాళి, కానీ నిజానికి డీఎస్‌ని బతికించింది కూడా ఇదే అనిపిస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న లైనర్ల ఇంజిన్, ప్రతి మెకానిక్‌కీ దాని గుట్టు తెలుసు, కారులో మిగతావన్నీ మొరాయించినా అదొక్కటి మొరాయించదు. కొత్త ఇంజిన్ డీఎస్‌కి వచ్చేసరికి 1965 అయింది.

మిగతావి మొరాయించాయి కూడా, బాగానే. రహస్యం బయటపడకూడదని డీలర్ల దగ్గరి మెకానిక్‌లకి ముందుగా ఏమీ నేర్పలేదు, కారు చేతికి వచ్చాకే ఈ గొట్టాల చిట్టడవిని మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది. ఒక్క చోట నూనె కారితే సస్పెన్షన్, స్టీరింగ్, గేర్లు అన్నీ కలిసి అలుగుతాయి, ఉమ్మడి కుటుంబంలో ఒకళ్ళకి కోపం వచ్చినట్టు. మొదట్లో వాడిన ద్రవం తేమ పీల్చుకుని లోపల తుప్పు పట్టించేది. అయినా ఈసారి కంపెనీ మునగలేదు. ట్రాక్షన్ కథకీ డీఎస్ కథకీ అసలైన తేడా ఇక్కడే, టెక్నాలజీలో కాదు. 1934లో సిట్రోయెన్ దగ్గర ఉన్నదంతా ఒకే గుర్రం మీద కాసేశారు. 1955లో వెనక మిషెలిన్ డబ్బుంది, చవక కారు 2సీవీ రోజూ అమ్ముడుపోతోంది, పైగా తెలివైన పని ఏంటంటే డీఎస్ రాగానే ట్రాక్షన్‌ని ఆపెయ్యలేదు, 1957 జూలై దాకా పక్కనే తయారుచేస్తూ ఉన్నారు. డీఎస్ అంటే భయపడేవాళ్ళ కోసం దాన్నే కొంచెం సాదాగా చేసి, పవర్ స్టీరింగ్ తీసేసి, మామూలు క్లచ్, గేర్లు పెట్టి ఐడీ అనే పేరుతో తక్కువ ధరకి దింపారు. జూదం అదే, ఆడిన తీరు వేరు.

డీఎస్ మహిమ గురించి ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1962 ఆగస్ట్ 22న పారిస్ శివార్లలో పెటీ క్లమార్ దగ్గర ప్రెసిడెంట్ డిగాల్ కారు మీద వందకి పైగా తూటాలు కాల్చారు, రెండు టైర్లు పోయాయి, డ్రైవర్ ఫ్రాన్సిస్ మరూ యాక్సిలరేటర్ వదలకుండా డీఎస్‌ని బయటికి లాక్కెళ్ళిపోయాడు, లోపల ఎవరికీ గాయం కాలేదు. సిట్రోయెన్ అభిమానులు క్రెడిట్ అంతా సస్పెన్షన్‌కి ఇచ్చేస్తారు. టైర్ పోయినా కారు నిలకడగా ఉండటం నిజంగానే దాని గుణం, కాదనలేం, కానీ కనీసం సగం మార్కులు ఆ డ్రైవర్ చేతులకి వెయ్యాలి.

ఎవరి వారసత్వం ఎంత మిగిలింది? ఉత్పత్తి లెక్క చూస్తే ట్రాక్షన్ దాదాపు 7.6 లక్షలు, డీఎస్, ఐడీ కలిపి సుమారు 14.5 లక్షలు, డీఎస్ దాదాపు రెట్టింపు. కానీ ముందు చక్రాలు లాగడం, మోనోకాక్ బాడీ, ర్యాక్ స్టీరింగ్ ఈ మూడూ ఇప్పుడు ఎవరూ ఫీచర్ల లిస్టులో కూడా రాయరు, అంత మామూలైపోయాయి. మన దగ్గర 1950ల చివర్లో అంబాసిడర్ మొదలైనప్పుడు బలం వెనక చక్రాలకే వెళ్ళేది, 1983 చివర్లో మారుతీ 800 వచ్చాకే లక్షలాది ఇళ్ళలోకి ముందు చక్రాలు లాగే కారు వచ్చింది, అంటే ట్రాక్షన్ తర్వాత దాదాపు యాభై ఏళ్ళకి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మారుతీలో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు తెలియకుండానే ఆ బాటలో నడిచినవాళ్ళే.

డీఎస్ ఇచ్చినవి కూడా తక్కువేం కాదు, డిస్క్ బ్రేకులు అందరూ తీసుకున్నారు, 1967లో వచ్చిన మలుపుతో పాటు తిరిగే హెడ్‌లైట్లు ఇప్పుడు ఖరీదైన కార్లలో మళ్ళీ కనిపిస్తున్నాయి. కానీ దాని గుండెకాయ, ఆ గోళాల సస్పెన్షన్, మిగతా ప్రపంచానికి ఎక్కలేదు. రోల్స్ రాయిస్ 1965 సిల్వర్ షాడోకి లైసెన్స్ తీసుకుంది, మెర్సిడెస్ తన ఖరీదైన పెద్ద కారు ఒకదానికి ఆ తరహాది చేసుకుంది, దాదాపు అంతే. సిట్రోయెనే జీఎస్, సీఎక్స్, బీఎక్స్ అంటూ మోసుకొచ్చి 2017లో సీ5 ఆగిపోవడంతో వదిలేసింది. కారణం వెతకడం కష్టం కాదు, ఉక్కు స్ప్రింగుకి ఖర్చు తక్కువ, ఎక్కడైనా బాగవుతుంది, మంచి షాక్ అబ్సార్బర్ జోడిస్తే నూటికి ఎనభై మందికి అదే చాలు. మిగతా ఇరవై మందీ ఎయిర్ సస్పెన్షన్ కొనుక్కుంటున్నారు. ఇండియాలో 2021లో వచ్చిన సీ5 ఎయిర్‌క్రాస్‌లో ఆ మెత్తదనాన్ని గుర్తుచెయ్యడానికి షాక్ అబ్సార్బర్ చివర్లలో చిన్న హైడ్రాలిక్ కుషన్లు పెట్టారు, స్ప్రింగులు మాత్రం ఉక్కువే.

ఇప్పుడు యూరప్‌లో ఈ రెండిట్లో ఏదో ఒకటి కొనేవాళ్ళకి ఈ తేడా చేతికి తగులుతుంది. ట్రాక్షన్‌కి కావాల్సింది ఓపిక, గ్రీజు, బరువైన స్టీరింగ్‌ని పార్కింగ్‌లో తిప్పే భుజబలం. డీఎస్ కొనేవాళ్ళు తలుపుల కింద రేకు తుప్పు చూసుకోవాలి, ఆ తర్వాత బానెట్ ఎత్తి గోళాల రంగు చూడాలి. 1966 చివర్లో కంపెనీ పాత ఎర్ర ద్రవం మానేసి తుప్పు పట్టించని ఆకుపచ్చ మినరల్ ఆయిల్‌కి మారింది, తెలియడానికి భాగాలకి కూడా ఆకుపచ్చ రంగే వేసింది. ఎర్ర ద్రవం కారులో ఆకుపచ్చది పోసినా, ఆకుపచ్చ ద్రవం కారులో ఎర్రది పోసినా రబ్బర్ సీళ్ళన్నీ పాడైపోతాయి, గేదె ఇక లేవదు.